ఆల్‌ఫ్రెడ్ పేరు నిక్షేపంగా పెట్టుకోండి

ఆల్‌ఫ్రెడ్ అంటే దయ్యమని ఎవరో చెప్పారని మీ బాబు పేరు మార్చేస్తానంటున్నారు. టెన్షన్ అక్కర్లేదండీ. ఇది పాత ఇంగ్లిష్ పేరు. ‘ఆల్ఫ్’ అంటే మహిమలున్నాయని అప్పటివాళ్లు నమ్మిన ఒక జీవి, ‘రేడ్’ అంటే సలహా. ఆ జీవుల ఆలోచన తోడున్నవాడని భావం చెబుతారు. చెడ్డ పేరే అయితే ఇంగ్లండ్‌లోని ఒకప్పటి రాజ్యం వెసెక్స్ రాజు తన కొడుక్కి పెట్టుకుంటాడా? ఆ కొడుకే 871లో గద్దెనెక్కి, 878లో ఎడింగ్టన్ దగ్గర డేన్లను, అంటే దండెత్తి వచ్చిన వైకింగులను ఓడించిన ఆల్‌ఫ్రెడ్ ది గ్రేట్. అన్ని యుద్ధాల మధ్యా లాటిన్ పుస్తకాలను జనం మాట్లాడే ఇంగ్లిష్‌లోకి తెప్పించాడు, తనూ కూర్చుని అనువదించాడు. నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చేది అదే. తర్వాతివాళ్లలో కవి టెన్నిసన్, బహుమతుల నోబెల్ అందరికీ తెలుసు. 1858లో డార్విన్‌తో పాటు ప్రకృతి వరణాన్ని, అంటే పరిసరాలకు తగిన జీవులే ఎక్కువగా నిలిచి సంతతిని పెంచుకుంటాయన్న సిద్ధాంతాన్ని ప్రతిపాదించిన శాస్త్రవేత్త వాలెస్ పేరూ ఆల్‌ఫ్రెడ్డే. ఇంట్లో ముద్దుగా ఆల్ఫీ అని పిలుచుకోండి.