డెమో రోజు మా ఫిట్టర్ని ఎవరూ పిలవలేదు

"మా ఫ్యాక్టరీకి మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కొందామనుకుంటున్నాం, ఎంచుకోవడంలో ఎక్కువగా చేసే పొరపాట్లు ఏమిటి?" అని అడిగారు. ఊరందరి సంగతీ నాకెందుకు, మేం చేసినవి చెబుతాను.

మిర్యాలగూడలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాను. కొన్నేళ్ల కిందట మా ఓనర్ గారు అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి తీసుకున్నారు, ఏ మిషనుకి ఎప్పుడు ఏ పని చేయాలో గుర్తుచేసి, స్పేర్ల లెక్క చూసేది. ఏసీ గదిలో డెమో. రంగురంగుల గ్రాఫులు చూసి ఓనరూ అకౌంటెంటూ మురిసిపోయారు. నేనూ తలూపాను, అబద్ధమెందుకు. రోజూ దాన్ని వాడాల్సిన మా పెద్ద ఫిట్టరు (అందరం మామా అంటాం) అప్పుడు జల్లెడ కింద దూరి బోల్టులు బిగిస్తున్నాడు. ఆయన్ని పిలవాలని ఎవరికీ తట్టలేదు.

స్పేర్ల స్టాకు ఎక్కించే పని కొత్తగా చేరిన కుర్రాడికి ఇచ్చాం. పాత రిజిస్టర్లో ఎలా ఉంటే అలా కొట్టేశాడు. 6208 బేరింగ్ ఉంది కదా, చివరి రెండంకెల్ని ఐదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం వ్యాసం, అంటే 40 మిల్లీమీటర్లు. అదే బేరింగ్ ఒక చోట '6208', ఇంకో చోట '40 ఎంఎం', మరో చోట 'ఎలివేటర్ బేరింగ్'. సాఫ్ట్‌వేర్‌కి అవి మూడు వేరే వస్తువులు.

యాసంగి సీజన్, మే నెల. ఆ ఎండలకు ఈ వడ్లు పచ్చిగా ఆడిస్తే నూకే ఎక్కువ, అందుకే ఉప్పుడు చేస్తాం. గేటు బయట లారీల బారు. రాత్రి పదకొండింటికి, నానిన వడ్లు ఎత్తే ఎలివేటర్ బేరింగ్ పట్టేసింది. కంప్యూటర్లో చూస్తే 6208 స్టాకు సున్నా. మామ మేనకోడలి పెళ్లికెళ్లాడు. ఊళ్లో తెలిసిన షాపాయనని నిద్ర లేపితే ఆ సైజు లేదన్నాడు. తెల్లారగట్ల కారిచ్చి మనిషిని సికింద్రాబాద్ రాణీగంజ్ పంపించాం. అతను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తొట్టిలో వడ్లు పులిసి, ఆ వాసన రోడ్డు దాకా కొట్టింది.

మర్నాడు మామ వచ్చి, బీరువా కింది అర లాగి, మూడు బేరింగులు నా చేతిలో పెట్టాడు. "ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదా అల్లుడూ" అన్నాడు. కంప్యూటర్లో కూడా ఉన్నాయవి, 'ఎలివేటర్ బేరింగ్ - 3' అని.

కొనేముందు ఏ కంపెనీది, ఎంతకిస్తారు అని నెలల తరబడి కొట్టుకుంటారు. పేర్లు సరిచేసుకోవడానికి వారం కూడా కేటాయించరు. నా లెక్కలో నూటికి తొంభై చోట్ల మునిగేది అక్కడే.

ఇంకోటి, మాది తేదీల లెక్కన గుర్తుచేసే రకం. మిల్లు మూసి ఉన్న నెలల్లో కూడా గ్రీజు కొట్టమని మెసేజ్‌లు. సీజన్లో రాత్రింబవళ్లు ఆడేటప్పుడు మాత్రం వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు అరిగి, పొట్టు పోకుండా వడ్లు వచ్చాక రిమైండర్ వచ్చేది. రోళ్లు అరిగేది ఆడిన గంటల్ని బట్టి, క్యాలెండర్‌ని బట్టి కాదు. సీజన్ వ్యాపారమైతే గంటల లెక్క ఉన్నదే తీసుకోండి.

తెలుగు లేదు. రేకుల షెడ్డులో సిగ్నల్ లేదు. మనిషికింత అని లైసెన్సు డబ్బులు, అందుకని అందరికీ నా పేరు మీదే ఒక లాగిన్. ఫలితం ఏమిటంటే, రికార్డుల ప్రకారం మూడు షిఫ్టులూ పని చేసింది నేనొక్కణ్నే! శనివారం సాయంత్రం టీ తాగుతూ వారం మొత్తానికి టిక్కులు పెట్టేవాళ్లం. ఓనర్ గారి గ్రాఫు మాత్రం పచ్చగా ఉండేది.

చివరికి మానేసి, మా పాత రికార్డులు ఇమ్మంటే పీడీఎఫ్‌లు పంపారు. వాటిని వేరే దాంట్లోకి ఎలా ఎక్కించాలి? ఈసారి కొత్తది చూసేటప్పుడు ఎక్సెల్లో ఇస్తామని ముందే రాయించుకున్నాం. డెమో కూడా షెడ్డులోనే పెట్టించాం, గ్రీజు చేతులతో మామే ఫోన్ పట్టుకున్నాడు. ఇద్దరు సేల్స్‌మెన్ మళ్లీ రాలేదు, మూడో అతని దగ్గర కొన్నాం.