స్థలాన్ని తయారు చేయవచ్చా?

సందేహం: వంటింటి కప్‌బోర్డులు చేసే ఒక సంస్థ కోసం, వాటిని బిగించే పద్ధతి చెప్పే చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ‘క్యాబినెట్ సంస్థాపనకు ముందు పని స్థలం తయారు చేయబడాలి. అన్ని విడిభాగాలు తనిఖీ చేయబడాలి. నేల యొక్క ఎత్తైన బిందువును కనుగొనండి’ అని మొదలుపెట్టాను. వ్యాకరణ దోషం కనిపించడం లేదు కానీ, చదివితే తెలుగులా లేదు. లోపం ఎక్కడ? ‘కప్‌బోర్డు’, ‘కబోర్డు’లలో ఏది రాయాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అనుమానం సరైనదేనండి. పత్రికలు చదివే అలవాటున్నవారికి ‘క్యాబినెట్’ అనగానే మంత్రివర్గం గుర్తొస్తుంది. దానికి ‘సంస్థాపన’ కూడా తోడైతే ప్రమాణ స్వీకారం ఎప్పుడని అడుగుతారు. గుడిలో విగ్రహాన్ని ప్రతిష్ఠిస్తాం, ఊళ్లో సంఘాన్ని స్థాపిస్తాం. గోడకు మరమేకులతో పట్టించే పెట్టెను మాత్రం బిగిస్తాం. నేల మీద నిలిపే కింది వరసకైతే ‘అమర్చి బిగించండి’ అంటే పని క్రమం కూడా తెలుస్తుంది.

‘తయారు’ ఉర్దూ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం సిద్ధమని. ‘పిల్లలు బడికి తయారయ్యారు’, ‘పిల్లాణ్ని పెళ్లికి తయారుచేశాను’ అన్నప్పుడు మనకూ ఆ అర్థమే మిగిలింది. మనుషులను వదిలి వస్తువుల దగ్గరికి వచ్చేసరికి ‘తయారుచేయు’ అంటే లేనిదాన్ని కొత్తగా చేయడం: కుర్చీ తయారుచేశాడు, పచ్చడి తయారుచేసింది. ఆ లెక్కన స్థలాన్ని తయారు చేయాలంటే సముద్రాన్ని పూడ్చాలి. ‘సిద్ధం చేయు’ అంటే చాలు.

అసలు చిక్కు ‘చేయబడాలి’తో వచ్చింది. ఎవరు చేయాలి? ఇంగ్లీషు వాక్యం ఆ సంగతి దాచిపెట్టినా నెట్టుకొస్తుంది. తెలుగు క్రియ దాన్ని తేల్చమంటుంది. చదివేది ఇంటివారైతే ‘గోడలకు రంగు వేయించండి, పంపు గొట్టాలు, కరెంటు పాయింట్ల పని ముందే పూర్తి చేయించండి’ అనాలి. వడ్రంగి అయితే అతనికి ‘వేయించు’తో పనిలేదు. పుస్తకం ఎవరి చేతికి వెళుతుందో సంస్థవారిని అడిగి తెలుసుకున్నాకే కలం పట్టండి.

వడ్రంగికే అనుకుందాం. ‘సామాను లెక్క చూడండి’, ‘సామాను లెక్క చూసుకోండి’ అనే రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చదవండి. రెండోదానిలో, తరవాతి పనికి ఇబ్బంది రాకుండా తన కోసం ముందే చేసుకోవడమనే భావం ఉంది. ఇంగ్లీషులో ‘ప్రిపేర్’ అని విడిగా చెప్పాల్సినదాన్ని ‘చూసుకొను’ చివర ఉన్న మన ‘కొను’ ఇలా క్రియలోనే ఇముడ్చుకుంటుంది. చూసుకోండి, సర్దుకోండి, గీసుకోండి, దగ్గర పెట్టుకోండి అంటూ పోతే ‘సన్నాహక చర్యలు’ అనే శీర్షిక కూడా అక్కరలేదు. అనువాదాల్లో ఈ ‘కొను’ను ఎందుకో పూర్తిగా మరిచిపోతున్నారు.

‘విడిభాగాలు’ అంటే జనానికి బండి పాడైతే కొనే స్పేర్ పార్టులు. అట్టపెట్టెలో వచ్చిన పలకలకూ తలుపులకూ ‘భాగాలు’ అనండి, లేదా మొత్తంగా ‘సామాను’ అనండి.

‘నేల యొక్క ఎత్తైన బిందువు’ దగ్గర నాకు నిజంగానే బాధ కలిగింది. పొలం దున్నేవాళ్లు మనకిచ్చిన ‘మెరక’, ‘పల్లం’ ఉండగా బిందువును వెతకడమెందుకు? పని తీరు కూడా ఆ మాటల్లోనే తేటపడుతుంది. వంటింటి నేల చూడటానికి సమంగా ఉన్నా, రసమట్టం (నేల సమంగా ఉందో లేదో చూపే పరికరం) పెడితే ఒక మూల కాస్త మెరక తేలుతుంది. కొలత అక్కడి నుంచే మొదలుపెట్టాలి. పల్లంలో ఉన్న పెట్టె కింద సన్నటి చెక్కబద్ద దోపి పైకి లేపవచ్చు; మెరకలో ఉన్నదాన్ని దించాలంటే పెట్టె అడుగు కోయాలి, లేదా నేల చెక్కాలి. ‘యొక్క’ను తీసేస్తే ఏ నష్టమూ లేదని వేరే చెప్పనక్కరలేదు.

ఇక మీ పేరాను నేనైతే ఇలా రాస్తాను:

‘బిగించే ముందు గది ఖాళీ చేసి, నేల ఊడ్చుకోండి. సామాను విప్పి, జాబితాతో లెక్క చూసుకోండి. విరిగినవి, గీతలు పడినవి ఉంటే పక్కన పెట్టండి. చెక్క చెమ్మకు ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. కాబట్టి భాగాలను ఆ గదిలోనే గాలి ఆడేలా ఉంచండి. నేల మెరకపల్లాలు చూసుకోండి. మెరక నుంచి కొలిచి, గోడ పొడవునా మట్టపు గీత గీసుకోండి. గోడ నిలువుగా ఉందో లేదో దారానికి కట్టిన గుండు వేసి చూసుకోండి. మూల సరిగా ఉందో లేదో మూలమట్టంతో చూసుకోండి.’

మూలమట్టాన్ని (మూల కోణం చూసే పరికరాన్ని) ‘గునియా’ అని పిలిచే పనివారి కోసమైతే ఆ మాటే రాసుకోవచ్చు.

ఇంగ్లీషువారి ఉచ్చారణలో పకారం వినిపించదు కాబట్టి నేను ‘కబోర్డు’ వైపు. ‘కప్‌బోర్డు’ కూడా అచ్చులో చాలాకాలంగా ఉన్నదే, తప్పని కొట్టేయలేం. పుస్తకం మొత్తంలో ఒక్కటే వాడండి. మార్పుగా ‘అలమర’ రాద్దామంటే అదీ పోర్చుగీసు సొత్తే. పైగా చాలా ఇళ్లలో అలమర అంటే గోడలోనే కట్టిన అరలు. ‘గోడకు అలమర బిగించండి’ అంటే గోడ తొలవాలా అని వడ్రంగి అడగవచ్చు.