పోయిన కార్డుతో తలుపు తెరుచుకోకూడదంటే

ప్రశ్న: రాయగడలో మా బాలికల వసతిగృహానికి కార్డుతో తెరుచుకునే తలుపు పెట్టించాం. ఒకమ్మాయి కార్డు పోయింది. అన్నీ మళ్ళీ నమోదు చేయాలా?
– ఒక వార్డెన్

జవాబు: అక్కర్లేదమ్మా. నమోదులో ఒక్కో కార్డుకు ఒక్కో వరుస సంఖ్య ఇచ్చి ఉంటే, చాలా యంత్రాల్లో కార్డు చేతిలో లేకున్నా ఆ సంఖ్యతోనే తొలగించవచ్చు. పర్లాకిమిడి, బరంపురంలో ఎక్కడ తలుపు బిగించినా, పేర్లూ సంఖ్యలూ రాసిన పుస్తకం ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే. అది లేకపోతే అన్నీ చెరిపి మొదలుపెట్టాల్సి రావచ్చు.

యంత్రంతో వచ్చిన 123456 లాంటి మాస్టర్ కోడ్ మార్చారా? అది తెలిసినవారెవరైనా కొత్త కార్డు చేర్చుకోగలరు. ఈరోజే మార్చండి.

అయస్కాంత తాళమైతే కరెంటు పోగానే వదిలేస్తుంది, బ్యాటరీ తప్పనిసరి. అయితే అగ్నిప్రమాదంలో పిల్లలు బయటపడాలి. లోపలి మీట నొక్కగానే తాళం వదలాలి. దానిపై ఒడియాలో, తెలుగులో రాయించండి.