తెల్లవారుజామున చేపలు తేలతాయా లేదా అన్నది రాత్రి తొమ్మిదిన్నరకే తెలుస్తుంది

మీరు అడిగినది ఇది: నాలుగెకరాల చెరువు, శీలావతి, బొచ్చె. తెల్లవారుజామున చేపలు తేలుతున్నాయి. నీటిని చిమ్మి గాలి కలిపే ఏరేటరు రాత్రంతా నడిపితే కరెంటు బిల్లు, నడపకపోతే భయం. క్లాడ్ బాయిడ్ అనే శాస్త్రవేత్త చెప్పిన రాత్రి ఆక్సిజన్ లెక్క మన చెరువులకు పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆకివీడు దగ్గర మా ఐదెకరాల చెరువులో ఆరేళ్లుగా వాడుతున్నాను. నేర్చుకున్నది మాత్రం నష్టపోయాకే. ఒక అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు తెల్లవారుజామున కాపలాదారు ఫోను చేశాడు. వెళ్లేసరికి గట్టు వెంట బొచ్చెలు బారులు తీరి నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. టార్చి వేసినా బెదరడం లేదు. ఏరేటరు తిరగడం మొదలయ్యేలోపే పెద్ద చేపలు వెల్లకిలా పడ్డాయి. ఆక్సిజన్ చాలక చచ్చేటప్పుడు ముందు పోయేవి పెద్దవే.

పగలు నీటిలోని పచ్చటి నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి ఆ నాచు, చేపలు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని వాడుకుంటాయి. ముసురు పడితే రాబడి తగ్గుతుంది, ఖర్చు మాత్రం తగ్గదు.

బాయిడ్ అమెరికాలో అలబామాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చేపల చెరువుల నీటి మీదే దశాబ్దాలు పనిచేశారు. అక్కడి క్యాట్‌ఫిష్ చెరువులను గమనించి, రాత్రిపూట ఆక్సిజన్ దాదాపు ఒకే వేగంతో పడిపోతుందని, కాబట్టి రెండు కొలతలతో తెల్లవారుజామును అంచనా వేయవచ్చని 1978లో సహచరులతో కలిసి చూపించారు. గీత గీయడం వస్తే చాలు.

మొన్నటి మా లెక్కే చెబుతాను. నీటిలో ఆక్సిజన్ సాయంత్రం 6:30కి లీటరుకు 7.8 మిల్లీగ్రాములు, రాత్రి 9:30కి 6.0. మూడు గంటల్లో 1.8 తగ్గింది, అంటే గంటకు 0.6. ఇదే వేగమైతే తెల్లవారుజామున 5:30కి మిగిలేది 1.2. నేను హద్దుగా పెట్టుకున్న మూడుకు దిగేది 2:30కి. కాబట్టి రెండింటికి ఏరేటరు వేసి, ఎండ తగిలి కొలత పెరిగాక ఆపాను. అదే లెక్కలో తెల్లవారుజాముకు నాలుగు పైన మిగిలేలా ఉంటే ఆ రాత్రి మోటారు జోలికి వెళ్లను.

ఒక చిక్కుంది. సాయంత్రం కొలత పది దాటి ఉంటే నీరు పట్టగలిగినదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ ఉన్నట్టే. అదనంగా ఉన్నది గాలిలోకి పోతుంది కాబట్టి మొదట్లో వేగంగా పడి, తర్వాత నెమ్మదిస్తుంది. అలాంటి రోజు అర్ధరాత్రి మూడో కొలత కూడా తీస్తాను. ఆక్సిజన్ కొలిచే మీటరును పైపైన ముంచకండి, నడుము లోతుకు దించండి. రెండు మూలల్లో చూసి తక్కువ వచ్చినదాన్నే నమ్మండి. పచ్చటి నీరు ఒక్కసారిగా గోధుమ రంగుకు తిరిగితే మాత్రం లెక్కలు పక్కన పెట్టి వెంటనే ఏరేటరు వేయండి. నాచు చచ్చిపోయిందన్నమాట.

నీరు బాగుపడుతుందని దుకాణంలో ఇచ్చే బ్యాక్టీరియా సీసాల గురించి కూడా అడిగారు. నేనూ రెండేళ్లు పోశాను. ఆబర్న్‌లో క్యాట్‌ఫిష్ చెరువుల్లో అలాంటి మందు ఒకటి వేసి చూస్తే నీటి నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మా చెరువులోనూ అంతే, నా జేబులో తప్ప ఎక్కడా తేడా కనబడలేదు. వేసిన మేతలోని నత్రజనిలో చేప ఒంటికి పట్టేది సుమారు పావు వంతు, మిగిలినది నీటిలోకే. మబ్బు రోజున మేతగా చెరువులో కట్టే తవుడు బస్తాలు సగమే కట్టడం, అదే నాకు పనిచేసిన మందు.

ఆ మిగిలిన నత్రజని నుంచి వచ్చే అమ్మోనియా పరీక్ష మాత్రం పొద్దున కాదు, నీటి క్షారగుణాన్ని చెప్పే పీహెచ్ బాగా పెరిగి ఉండే మధ్యాహ్నం మూడింటికి చేయండి. పీహెచ్ 8 దగ్గర అందులో విషపు భాగం పదోవంతు లోపే. 9కి చేరితే మన వేడికి దాదాపు సగం అదే.

ఆక్సిజన్ మీటరు కొనేటప్పుడు దాని కొనకు ఉండే పల్చటి పొర మార్చే వీలుందో లేదో చూడండి. నా మొదటి మీటరు పొర ఎండిపోయి, వారం రోజులు ఏ నీటిలో ముంచినా 6.4 చూపించింది. నేనూ నమ్మాను.