రవివర్మ ప్రెస్ పటం అసలు కళేనా, ఉత్త కాపీయేనా?

తాతల నాటి రవివర్మ లక్ష్మీదేవి పటం ఇంట్లో ఉందనీ, అది ప్రింటే కాబట్టి కళగా విలువ లేనట్టేనా అనీ అడిగారు.

విలువ ఉంది. కాకపోతే అది ఆయిల్ పెయింటింగ్ విలువ కాదు. తన బొమ్మలు సామాన్యుల ఇళ్లకూ చేరాలనే రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టించాడు. అక్కడ వాడింది రాతి అచ్చు, ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఆ రంగు పడాల్సిన భాగాన్ని రాయి మీద చేత్తో గీసి, ఒకదాని మీద ఒకటిగా అచ్చు వేసేవారు. కాగితం వెంట్రుకవాసి జరిగినా ముఖం చెడిపోతుంది. ఇంత పనితనం చూపిన, రాళ్ల మీద గీసిన ఆ పనివాళ్ల పేర్లు పటాల మీద కనబడవు, అది నాకు బాధగానే ఉంటుంది.

కొన్ని పటాలకు జనం జరీ, గుడ్డ, చమ్కీలు అతికించి అమ్మవారికి చీర కట్టారు. అలాంటిది ప్రపంచంలో మరొకటి ఉండదు.

మీది పాతదో, ఈమధ్య ఆఫ్‌సెట్‌లో, అంటే ఇప్పటి యంత్రపు అచ్చులో, తీసిందో తెలియాలంటే భూతద్దంతో చూడండి. బొమ్మలోని రంగు చుక్కలు వరసగా, ఒకే దూరంలో ఉంటే కొత్తది. రాతి అచ్చులో అవి చేత్తో పెట్టినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. అంచున ఉన్న ప్రెస్ పేరును మాత్రమే నమ్మొద్దు. పాత పటాన్ని స్కాన్ చేస్తే అదీ వచ్చేస్తుంది.