అన్యజనుడెవరో ముందు తేల్చుకో

ప్రియమైన తమ్ముడికి, వందనాలు.

రక్షణ మోషే ధర్మశాస్త్రం వల్లా, దేవుని కృప వల్లా అని పౌలు మాటల మీద నువ్వు రాసిన "ధర్మశాస్త్రమా, కృపా?" వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నడపడం నీకు బాగా వచ్చు. అందుకే నీ తప్పులు కూడా నమ్మబుద్ధేసేలా ఉన్నాయి.

మొదటి పేజీలోనే జారావు. "అన్యజనులు" అన్నచోటల్లా నీ మనసులో మెదిలింది పక్కింటి హిందువు. మన సంఘాల్లో ఆ వాడుక పాతుకుపోయింది గనుక, రోమా, గలతీ, ఎఫెసీ పత్రికల్లో అపొస్తలుడైన పౌలును కూడా అలాగే చదివేశావు. ఆయన వాడిన గ్రీకు మాటకు అర్థం "జనాంగాలు", అంటే ఇశ్రాయేలు కానివాళ్లందరూ. ఆ లెక్కన నువ్వూ నేనూ, ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునేవాళ్లంతా అన్యజనులమే. ఎఫెసీ 2:11 ఎదురుగా పెట్టుకుని నీ వ్యాసం చదువుకో. "వాళ్లను చేర్చుకున్నాడు" అని రాసినచోటల్లా "మనల్ని" అని పడుతుంది. స్వరమే మారిపోతుంది.

యూదులంటే పుణ్యం పోగేసి రక్షణ కొనుక్కోజూసేవాళ్లని మూడుచోట్ల రాశావు. మూడూ కొట్టెయ్. నిర్గమకాండం వరస చూడు: ఐగుప్తు నుంచి విడుదలైన రాత్రి పస్కా 12లో, సముద్రం దాటడం 14లో, పది ఆజ్ఞలు 20లో. దేవుడు ముందు విడిపించాడు, తర్వాతే ఆజ్ఞలిచ్చాడు. రబ్బీలు, అంటే యూదు గురువులు, లెక్కగట్టిన 613 ఆజ్ఞలు విడుదలకు వెల కాదు, విడుదలైనవాడి నడవడి. గలతీ పత్రికలో తగాదా మొదలైంది వేరేచోట: అన్యజనుడు దేవుని ప్రజల్లో చేరాలంటే సున్నతి చేయించుకుని ముందు యూదుడు కావాలా?

దీనికి పౌలు జవాబు యూదుల మూలపురుషుడు అబ్రాహాము వయసులో ఉంది. నువ్వు రోమా 4 నుంచి వచనాల మీద వచనాలు ఎత్తిరాశావు గాని ఈ లెక్క చెప్పలేదు. అబ్రాహాము నమ్మడం, అది నీతిగా ఎంచబడడం ఆదికాండం 15:6లో. ఆ తర్వాత కొడుకు ఇష్మాయేలు పుట్టేనాటికి ఆయనకు 86 ఏళ్లు, సున్నతి పొందేనాటికి 99. అంటే తక్కువలో తక్కువ 13 ఏళ్లు ఆయన సున్నతి లేని నీతిమంతుడు. నీతిగా ఎంచబడింది సున్నతి పొందాకా, పొందకముందా అని రోమా 4:10లో పౌలు వేసే ప్రశ్నకు బలమంతా ఈ ఎడంలోనే ఉంది. ధర్మశాస్త్రమైతే అబ్రాహాముకు దేవుడిచ్చిన వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు వచ్చిందంటాడు గలతీ 3:17లో. వేళ్లమీద లెక్కబెట్టి చూపించు, చాలు.

గలతీ 3:24 దగ్గర జాగ్రత్త. మన బైబిల్లో "బాలశిక్షకుడు" అని ఉంది. తెలుగువాడికి వెంటనే పెద్ద బాలశిక్ష, బెత్తం పట్టుకున్న పంతులు గుర్తొస్తారు. నువ్వూ ధర్మశాస్త్రాన్ని "పాఠం చెప్పే గురువు" చేశావు. గ్రీకులో ఆ మాటకర్థం పంతులు కాదు. పిల్లవాణ్ణి బడికి తీసుకెళ్లి తీసుకొచ్చి, వీధిలో అల్లరి చెయ్యకుండా కాసే ఇంటి దాసుడు. పిల్లవాడు పెద్దవాడయ్యాక ఆ కాపలా తీరిపోతుంది. దాసుడు చెడ్డవాడని కాదు, పని ముగిసిందని. ఈ ఒక్క మాట సరిగ్గా పట్టుకుంటే, రోమా 7:12లో ధర్మశాస్త్రం పరిశుద్ధమని అన్న పౌలే దాని కింద మనం లేమని ఎలా అన్నాడో విడిగా వివరించే పని తప్పుతుంది.

అపొస్తలుల కార్యములు 15లో, యెరూషలేము సంఘపెద్ద యాకోబు తీర్పు ప్రకారం అన్యజన విశ్వాసులకు పెట్టిన నాలుగు నిషేధాలను (విగ్రహాలకర్పించినవి, జారత్వం, గొంతు పిసికి చంపినది, రక్తం) "చిన్న ధర్మశాస్త్రం" అన్నావు. లేవీయకాండం 17, 18 తీసి చూడు. ఇశ్రాయేలు నడుమ కాపురముండే పరదేశికి కూడా వర్తించే కట్టడలు అక్కడున్నాయి. యాకోబు తీర్పు వాటికి దగ్గరగా ఉందని చాలామంది పండితుల మాట. యూదులూ అన్యజనులూ ఒకే బల్ల దగ్గర తినాలంటే ఇవి తప్పవు. అంతియొకయ పట్నంలో అన్యజనులతో కలిసి తింటున్న అపొస్తలుడు పేతురు పక్కకు జరిగినప్పుడు (గలతీ 2:12) పౌలుకు కోపం వచ్చిందీ భోజనం దగ్గరే. వేరు పంక్తి అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి వివరించక్కర్లేదు. "సహపంక్తి" అని ఒక్క మాట రాయి, చాలు. రక్తం వేపుడు తినొచ్చా లేదా అన్న చర్చలోకి మాత్రం దిగకు. దిగితే వ్యాసం అక్కడే కూలబడుతుంది.

పౌలు తన తోటిపనివాళ్లలో తిమోతికి సున్నతి చేయించి తీతుకు ఎందుకు వద్దన్నాడన్నది రెండు వాక్యాల్లో తేల్చు. తిమోతి తల్లి యూదురాలు, తీతు గ్రీసుదేశస్థుడు.

చివర్లో ఒలీవ చెట్టు ఉపమానం బాగుంది గాని తిరగబడింది. అంటుమామిడి కట్టేవాడు నాటు మొక్క మీద మంచి రకం కొమ్మ కడతాడు. పౌలు చెప్పింది ఎదురు: ఇశ్రాయేలనే మంచి చెట్టుకు అడవి కొమ్మ. స్వభావవిరుద్ధమని రోమా 11:24లో తానే ఒప్పుకుంటాడు. ఆ అడవి కొమ్మ ఎవరో మొదటి పేజీలో తేలిపోయింది కదా. ఆ పేరా ఒక్కటీ తిరగరాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ప్రభువునందు,
నీ అన్నయ్య