షుగర్‌కి గ్రూప్ విజిట్: పదిమందిలో నోరు విప్పాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచి చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. వయసు 56. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6 వచ్చింది. ఇకపై పదిమందిని కలిపి గంటన్నర సేపు చూస్తామని మా క్లినిక్‌లో అన్నారు. అందరి ముందూ నా సంగతులు ఎలా చెప్పుకోను? తమిళం అర్థమవుతుంది గానీ ధారాళంగా మాట్లాడలేను. వెళ్లమంటారా?
– ఒక గృహిణి, చెన్నై

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. విడిగా చూపించుకుంటే దొరికే కాస్త సమయం రిపోర్టు చూడటానికి, చీటీ రాయడానికే సరిపోతుంది. గ్రూప్ విజిట్ అంటే ఉపన్యాసం కాదు. మందులు మార్చేదీ, పరీక్షలు రాసేదీ అక్కడే.

అసలు లాభం పక్కవాళ్ల ప్రశ్నల్లో ఉంటుంది. ‘శనివారం ఒక్కపొద్దు ఉంటాను, మాత్ర వేసుకోవాలా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరూ ఉపవాసాలు చేస్తుంటే ఆ జవాబు మీకూ అవసరమే. గ్లిమెపిరైడ్ వేసుకుని తినకపోతే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. ఇంకొకాయన పొట్ట మీద రోజూ ఒకేచోట ఇన్సులిన్ తీసుకుని, అక్కడ గట్టిపడిన చర్మం చూపిస్తాడు. అలాంటిచోట మందు సరిగా పట్టదు. మేం ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, ఒక్కసారి చూస్తే ఎక్కుతుంది.

పుదుచ్చేరి అరవింద్ కంటి ఆసుపత్రిలో సుమారు 1,000 మంది గ్లకోమా (కంటి నరం దెబ్బతిని చూపు తగ్గే జబ్బు) రోగుల్లో కొందరిని విడిగా, కొందరిని ఐదుగురేసి చొప్పున కలిపి చూశారు. కలిసి కూర్చున్నవాళ్లే ఎక్కువ ప్రశ్నలు అడిగారు, మందులూ మెరుగ్గా వాడారు. షుగర్‌లోనూ గ్రూప్ విజిట్ల వల్ల హెచ్‌బీఏ1సీ తగ్గినట్టు చాలా అధ్యయనాలు చూపాయి.

తమిళం గురించి టెన్షన్ వద్దు. తెలుగు తెలిసిన నర్సు ఉన్నారేమో ముందే ఫోన్ చేసి అడగండి, లేకపోతే ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి. మీ షుగర్ ఎంతో పదిమందికీ చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. మూత్రంలో మంట, దురద, ఇంటి గొడవలతో నిద్ర పట్టకపోవడం లాంటివి డాక్టర్‌కి విడిగా చెప్పుకోవాలి. అందుకు వీల్లేదంటే ఆ పద్ధతి నాకు నచ్చదు. అక్కడ షుగర్‌కంటూ పౌడర్ డబ్బాలు అమ్ముతుంటే మాత్రం లేచి వచ్చేయండి.

మందుల స్ట్రిప్పులు, ఇంట్లో చూసుకున్న రీడింగులు పట్టుకెళ్లండి. రాత్రి పెరుగన్నం ‘కొంచెమే’ అనొద్దు, ఎన్ని గరిటెలో చెప్పండి. పక్కావిడకు పనిచేసిన మాత్ర మీరు మొదలుపెట్టొద్దు. పాదానికి పుండు పడినా, ఛాతీలో నొప్పి వచ్చినా గ్రూప్ తేదీ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.